రెండవ అరికేసరి

రెండవ అరికేసరి (పరిపాలనా కాలం: సుమారు సా.శ. 930 - 955) వేములవాడ రాజధానిగా పాలించిన చాళుక్య వంశపు రాజు, రాష్ట్రకూట చక్రవర్తుల సామంతుడు, సేనాని. కన్నడ ఆదికవిగా పేరొందిన పంపకవిని ఆదరించిన ప్రభువుగా ఈయన సాహిత్య చరిత్రలో ప్రసిద్ధుడు. తనను ఆశ్రయించిన విజయాదిత్యుడు అనే చాళుక్య రాజకుమారుని అప్పగించుటకు నిరాకరించి, సాక్షాత్తు తన ఏలిక అయిన రాష్ట్రకూట నాలుగవ గోవిందుని ఎదిరించి, అతని స్థానంలో మూడవ అమోఘవర్షుడు సింహాసనమెక్కుటకు తోడ్పడిన సామంతుడుగా రాజకీయ చరిత్రలో ఈయనకు విశిష్ట స్థానమున్నది. ఈయన రాజధాని వేములవాడ నేడు తెలంగాణలోని రాజన్న సిరిసిల్ల జిల్లాలో, సిరిసిల్ల పట్టణానికి సమీపంలో ఉన్నది.

ఈ వంశంలో అరికేసరి అనే పేరుగల రాజులు ముగ్గురున్నారు. ఈ వ్యాసం రెండవ అరికేసరిని గురించినది.

ఆధారాలు

అరికేసరి చరిత్రకు ప్రధానమైన ఆధారాలు నాలుగు. మొదటిది పంపకవి కన్నడంలో రచించిన విక్రమార్జున విజయం అనే చంపూకావ్యం. రెండవది వేములవాడలో లభించిన సంస్కృత శాసనం. మూడవది కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం. నాలుగవది ఈయన మనుమడు మూడవ అరికేసరి సా.శ. 966లో వేయించిన పర్భణీ తామ్రశాసనం. వీటితో పాటు రాష్ట్రకూట చక్రవర్తుల తామ్రశాసనాలు ఆ కాలపు సంఘటనలను మరొక వైపు నుండి తెలుపుతాయి. ఈ వంశ చరిత్రను సమగ్రంగా పరిశోధించినవారిలో నేలటూరి వెంకటరమణయ్య ముఖ్యుడు.

ఈ ఆధారాలను చదివేటప్పుడు ఒక విషయం గమనించవలసి ఉన్నది. చక్రవర్తుల శాసనాలు విజయాలను చక్రవర్తులకే కట్టబెడతాయి. యుద్ధం చేసిన సామంతుల పేర్లు వాటిలో అరుదుగా కనిపిస్తాయి. పంపకవి కావ్యం ఇందుకు భిన్నంగా సామంతుని పక్షాన నిలిచి చెప్పినది. ఆస్థానకవి కావ్యం కనుక అందులో అతిశయోక్తి సహజం. అయినను చక్రవర్తుల శాసనాలు వదలివేసిన పేర్లను మనకు అందించినది ఆ కావ్యమే.

వంశ నేపథ్యం

వేములవాడ చాళుక్యులు సుమారు 8వ శతాబ్ది మధ్యభాగం నుండి 10వ శతాబ్ది చివరి పాదం వరకు గోదావరికి దక్షిణాన గల ఉత్తర తెలంగాణ ప్రాంతాన్ని పాలించారు. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కరీంనగర్ పట్టణాలున్న నేల వీరి పాలనలోనిదే. ఇందులో పెద్దభాగం శాసనాలలో సబ్బి సాయిరం, సబ్బినాడు అనే పేర్లతో కనిపిస్తుంది. వంశానికి తొలి పురుషుడు యుద్ధమల్లుడు. అతని కాలంలో పోదన, అనగా నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్, ముఖ్య నగరం. అక్కడ నూనెతో నింపిన బావులలో అతని ఏనుగులు స్నానం చేసేవని ఈ వంశపు కవులు వర్ణించారు. తరువాతి కాలంలో రాజధాని వేములవాడకు మారినది. శాసనాలలో ఈ ఊరి పేరు లేంబులపాటక, లేంబులవాడ అని ఉన్నది.

అరికేసరి ముత్తాత బద్దెగుడు నలభైరెండు యుద్ధాలలో పాల్గొని సోలదగండ అనే బిరుదు పొందాడు. ఓటమి ఎరుగని వీరుడని దీని అర్థం. ఇతడు వేంగి చాళుక్య రాజైన భీముని నీటిలో మొసలిని పట్టినట్లు పట్టి బంధించాడని పంపకవి చెప్పాడు. వేములవాడలోని భీమేశ్వరాలయం ఇతడు కట్టించిన బద్దెగేశ్వరమేనని చరిత్రకారుల అభిప్రాయం.

అరికేసరి తండ్రి రెండవ నరసింహుడు, తల్లి జాకవ్వ. నరసింహుడు రాష్ట్రకూట మూడవ ఇంద్రుని ఉత్తర దేశ దండయాత్రలో (సుమారు 915 - 916) సేనాని. ఈ దండయాత్రలో రాష్ట్రకూట సేనలు యమునను దాటి ప్రతీహారుల రాజధాని కన్యాకుబ్జాన్ని కొల్లగొట్టినవి. 930 నాటి కాంబే తామ్రశాసనం ఈ విజయాన్ని ఇంద్రునిదిగా వర్ణించినది. అందులో నరసింహుని ప్రస్తావన లేదు. ప్రతీహార మహీపాలుని తరిమి, గంగా సంగమంలో తన గుర్రాలకు స్నానం చేయించినవాడు నరసింహుడేనని తెలుపుచున్నది పంపకవి కావ్యం. తండ్రి చేసిన సేవకు, ఏలిక శాసనంలో దానికి దక్కిన చోటుకు మధ్యనున్న ఈ అంతరమే కుమారుని జీవితంలోను మరొక రూపంలో కనిపిస్తుంది.

సామంతుని ధర్మాలు

అరికేసరి చేసిన పని తీవ్రత తెలియాలంటే ఆనాటి సామంత వ్యవస్థను కొంత తెలుసుకొనవలెను. రాష్ట్రకూట సామ్రాజ్యం ఒకే అధికార యంత్రాంగం కింద నడిచినది కాదు. రాజధాని మాన్యఖేటం (నేటి కర్ణాటకలోని మల్ఖేడ్) చుట్టూ ఉన్న భూములను చక్రవర్తి నేరుగా పాలించగా, దూరపు మండలాలు వంశపారంపర్యంగా సామంతుల చేతిలో ఉండేవి. సామంతుడు కప్పం కట్టవలెను, పిలిచినప్పుడు తన సేనతో వచ్చి యుద్ధం చేయవలెను, చక్రవర్తి పేరును తన శాసనాలలో ముందుగా చెప్పుకొనవలెను. ఇందుకు బదులుగా తన మండలంలో పన్నులు వసూలు చేసుకొనుటకు, భూములు దానమిచ్చుటకు, సేనను పోషించుటకు అతనికి అధికారముండేది. చక్రవర్తి కుటుంబంతో వివాహ సంబంధాలు ఈ బంధాన్ని గట్టిపరచేవి. అరికేసరి స్వయంగా రాష్ట్రకూట వంశపు లోకాంబికను వివాహమాడినాడు. వీరి కుమారుడు బద్దెగుడని పర్భణీ శాసనం తెలుపుతున్నది.

ఇటువంటి వ్యవస్థలో చక్రవర్తి కోరిన మనిషిని అప్పగించకపోవుట చిన్న అవిధేయత కాదు. అది తిరుగుబాటే. తప్పితే పోయేది సామంతుని పదవి మాత్రమే కాదు, ఏడు తరాలుగా వచ్చిన మండలం కూడా.

విజయాదిత్యుని ఆశ్రయం

మూడవ ఇంద్రుని తరువాత కొద్దికాలానికే అతని కుమారుడు నాలుగవ గోవిందుడు రాజ్యానికి వచ్చాడు. పంపకవి ఇతనిని గొజ్జిగ అని పేర్కొన్నాడు. గోవిందుని కాలపు తామ్రశాసనంలో అతడు తన అన్నపట్ల క్రూరంగా వర్తించలేదని ప్రత్యేకంగా చెప్పబడినది. అటువంటి అపవాదు ప్రచారంలో లేకపోతే దానిని ఖండించవలసిన అవసరమే ఉండదని చరిత్రకారులు భావించారు. తరువాత వచ్చిన మూడవ కృష్ణుని దేవళి శాసనం (940) గోవిందుడు భోగలాలసుడై రాజ్యాన్ని పాడుచేసినాడని నిందించినది.

గోవిందుడు వేంగి వ్యవహారాలలో కూడా జోక్యం చేసుకొన్నాడు. అక్కడ చాళుక్య దాయాదుల మధ్య సింహాసనం కొరకు పోరు సాగుచుండగా అతడు యుద్ధమల్లుని పక్షం వహించాడు. సుమారు 934లో రెండవ చాళుక్య భీముడు యుద్ధమల్లుని, గోవిందుడు పంపిన సేనను ఓడించి వేంగి రాజ్యాన్ని పొందాడు.

ఈ కాలంలోనే విజయాదిత్యుడనే చాళుక్యుడు గోవిందుని ఆగ్రహానికి గురియై అరికేసరి శరణు జొచ్చినాడు. ఇతనికే బిజ్జ అనే పేరుకూడా ఉన్నట్లు తెలియుచున్నది. ఇతడు వేంగి రాజకుటుంబానికి చెందినవాడని కొందరు, మరొక చాళుక్య శాఖవాడని మరికొందరు భావించారు. ఎవరైనను, చక్రవర్తి కోపించినవాడు అతని సామంతుని ఇంట తలదాచుకొన్నాడు. గోవిందుడు విజయాదిత్యుని విషయంలో పట్టు విడువలేదు. అరికేసరి చలించక, ఆశ్రితుని తన వెనుక నిలుపుకొని కాపాడినాడని పంపకవి వర్ణించి, ఈ సందర్భంలోనే ఆయనను శరణాగత జలనిధి అని కీర్తించాడు. శరణన్నవారికి సముద్రం వంటివాడని దీని భావం.

గోవిందుని పతనం

చక్రవర్తి ఆజ్ఞపై మహాసామంతులు సేనలతో అరికేసరి మీదికి వచ్చారు. అరికేసరి వారిని ఎదుర్కొని ఓడించాడు. తరువాత సామ్రాజ్యాన్ని బద్దెగదేవునికి అప్పగించాడని పంపకవి చెప్పాడు. ఈ బద్దెగదేవుడే రాష్ట్రకూట మూడవ అమోఘవర్షుడు, గోవిందునికి పినతండ్రి వరుస. అరికేసరి ముత్తాత పేరు, కుమారుని పేరు కూడా బద్దెగుడే అయినందున ఈ ముగ్గురి విషయంలో పాఠకులు పొరబడే అవకాశం ఉన్నది. గోవిందుని పతనం సా.శ. 934 - 936 మధ్య జరిగినట్లు చరిత్రకారులు నిర్ణయించారు.

ఇదే సంఘటనను రాష్ట్రకూటుల శాసనాలు వేరుగా చెప్పినవి. మూడవ కృష్ణుడు అమోఘవర్షుని కుమారుడు. అతని దేవళి శాసనం ప్రకారం రాజ్యం చెడిపోవుట చూచిన సామంతులందరూ కలసి అమోఘవర్షుని వద్దకు పోయి, వంశ ప్రతిష్ఠను నిలుపుమని వేడుకొనగా అతడు సింహాసనాన్ని స్వీకరించాడు. ఇందులో అరికేసరి పేరు లేదు, యుద్ధం లేదు, విజయాదిత్యుడు లేడు. ఒక సామంతుని తిరుగుబాటు వలన తన తండ్రికి రాజ్యం వచ్చినదని చెప్పుకొనుట కృష్ణునికి గౌరవప్రదం కాదు. మరోవంక, అరికేసరి ఒక్కడే చక్రవర్తిని దించినట్లు పంపకవి చెప్పినది కూడా పూర్తి చిత్రం కాకపోవచ్చును. వేంగిలో ఎదురైన ఓటమి, ఇతర సామంతుల అసంతృప్తి గోవిందుని అప్పటికే బలహీనపరచినవి. రెండు కథనాలను కలిపి చూచినప్పుడు, అసంతృప్తి చాలామందిలో ఉన్నను మొదట కత్తి దూయవలసి వచ్చినవాడు అరికేసరి అని, అందుకు కారణం ఆశ్రితుని రక్షణ అని తేలుచున్నది.

రాజులను నిలిపిన సామంతులు ఇతర దేశాల చరిత్రలోను ఉన్నారు. 15వ శతాబ్దిలో ఇంగ్లాండు ప్రభువైన వార్విక్ ఎర్ల్ రిచర్డ్ నెవిల్ 1461లో నాలుగవ ఎడ్వర్డు రాజగుటకు తోడ్పడి, 1470లో అతనినే దించి, 1471లో యుద్ధంలో మరణించాడు. రాజులను నిలిపేవాడని అతనికి పేరు వచ్చినది. అరికేసరి విషయంలో అటువంటి రెండవ తిరుగుబాటు కనిపించదు. అమోఘవర్షునికి, అతని తరువాత మూడవ కృష్ణునికి (పాలన 939 - 967) ఈ వంశం సామంతులుగానే కొనసాగినది. చక్రవర్తిని మార్చగలిగిన తరువాత కూడా ఆయన బిరుదులలో ఒకటి సామంత చూడామణి అనే ఉన్నది.

బప్పువనితో యుద్ధం

పంపకవి పేర్కొన్న మరొక ముఖ్యమైన యుద్ధం బప్పువనితో జరిగినది. ఇతడు కక్కలుడనేవాని తమ్ముడు. ఏనుగుల సమూహంతో నేల అదిరేటట్లు వచ్చిన బప్పువని అరికేసరి ఒకే ఒక మదపుటేనుగుపై నుండి తరిమికొట్టినాడని వర్ణన. మూడవ కృష్ణుడు సంహరించినట్లు దేవళి శాసనం చెప్పిన వప్పుగుడు, ఈ బప్పువడు ఒకరేనని కొందరు పరిశోధకులు భావించారు. అదే నిజమైతే ఇక్కడ కూడా ఒకే శత్రువుపై విజయాన్ని చక్రవర్తి శాసనం చక్రవర్తికి, సామంతుని కవి సామంతునికి చెప్పినట్లగును.

పంపకవి, విక్రమార్జున విజయం

పంపకవి సా.శ. 902లో జన్మించాడు. అతని పూర్వులు వేంగి దేశపు బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనమతాన్ని స్వీకరించాడు. 941లో ఆదిపురాణాన్ని రచించిన పంపకవి విక్రమార్జున విజయాన్ని అరికేసరికి అంకితంగా వ్రాసినాడు. పంపభారతమనే పేరుకూడా గల ఈ కావ్యం పద్నాలుగు ఆశ్వాసాలది. పంపకవి కలంతోపాటు కత్తినీ పట్టిన యోధుడు.

ఈ కావ్యంలో మహాభారత కథానాయకుడు అర్జునుడు. ఆ అర్జునుడే అరికేసరి. కవి అర్జునుని పిలిచేటప్పుడు అరికేసరి బిరుదులైన ఉదారమహేశ్వరుడు, గుణార్ణవుడు, పాంబరాంకుశుడు, ఆరూఢసర్వజ్ఞుడు మొదలైనవాటినే వాడినాడు. తన ప్రభువుకు తగినట్లు కథను కూడా మార్చినాడు. ఇందులో ద్రౌపది అర్జునునికి మాత్రమే భార్య. యుద్ధానంతరం పట్టాభిషేకం అర్జునునికి, సుభద్రకు జరుగును.

పంపకవి కర్ణుని పాత్రను అత్యంత గౌరవంగా చిత్రించాడు. తన్ను పోషించిన ప్రభువు తప్పుదారిలో ఉన్నాడని తెలిసినను విడువని కర్ణుడు, ప్రభువు ఆజ్ఞను కాదని శరణాగతుని నిలుపుకొన్న అరికేసరి ఒకే కావ్యంలో ఉండుట గమనార్హం. స్వామిభక్తి, శరణాగత రక్షణ అనే రెండు ధర్మాలలో ఏది గొప్పది అనే ప్రశ్న ఆనాటి సామంతులకు కేవలం కావ్యచర్చ కాదు. అరికేసరి దానిని యుద్ధరంగంలో ఎదుర్కొన్నవాడు.

కావ్యానికి ప్రతిఫలంగా అరికేసరి పంపకవికి ధర్మవురం అనే అగ్రహారాన్ని ఇచ్చాడు. ఈ దానాన్ని కావ్యంతో పాటు కురిక్యాల శాసనం కూడా ధ్రువపరచుచున్నది.

కురిక్యాల శాసనం, తెలుగు పద్యం

జినవల్లభుడు వృషభగిరి అనే గుట్టపై (నేటి బొమ్మలగుట్ట) చక్రేశ్వరీ దేవి, జైన తీర్థంకరుల ప్రతిమలను చెక్కించి, త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను ఏర్పరచినాడు. ఇందులో గుణార్ణవ అనేది అరికేసరి బిరుదు. శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో ఉన్నది. తెలుగు భాగంలో మూడు కందపద్యాలున్నవి. సుమారు సా.శ. 945 నాటివైన ఈ పద్యాలు నన్నయ భారతం కంటె దాదాపు ఒక శతాబ్ది ముందువి. తెలుగులో లభించిన తొలి కందపద్యాలుగా వీటికి సాహిత్య చరిత్రలో ప్రాముఖ్యమున్నది.

ఇదే కాలపు మరొక ప్రసిద్ధ పద్యశాసనం బెజవాడలోని యుద్ధమల్లుని మధ్యాక్కర శాసనం. గోవిందుడు వేంగిలో బలపరచిన యుద్ధమల్లుడే దానిని వేయించినాడని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అనగా ఒకే రాజకీయ సంఘర్షణలో ఎదురెదురు పక్షాలుగా నిలిచిన ఇద్దరు చాళుక్యుల నీడలో రెండు తొలి తెలుగు పద్యశాసనాలు వెలసినవి.

మతసామరస్యం

అరికేసరి కాలంలో వేములవాడ శైవానికి, జైనానికి, సూర్యారాధనకు కూడా స్థానమైనది. వేములవాడ శాసనం ఆదిత్యాలయానికి చేసిన దానాన్ని తెలుపుచున్నది. ఆస్థానకవి జైనుడు. రాజు ముత్తాత కట్టించినది శివాలయం. ఈయన కుమారుడు బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయాన్ని కట్టించాడు. జైన పండితుడు సోమదేవసూరి తన యశస్తిలక చంపువును సా.శ. 959లో గంగాధరలో పూర్తిచేసి, అప్పుడు అరికేసరి కుమారుడు వాగరాజు పాలించుచున్నాడని వ్రాసినాడు. అందువలన అరికేసరి పాలన 959కి ముందే ముగిసినదని తెలియుచున్నది. 966లో మూడవ అరికేసరి శుభధామ జినాలయం కొరకు సోమదేవునికి సబ్బి సాయిరంలో, రేపాక పన్నెండు గ్రామాల సముదాయంలోని వనికటుపులు అనే గ్రామాన్ని దానం చేశాడు.

అనంతర కాలం

973లో రెండవ తైలపుడు రాష్ట్రకూట సామ్రాజ్యాన్ని అంతమొందించి కల్యాణి చాళుక్య రాజ్యాన్ని నెలకొల్పినాడు. ఆ తరువాత వేములవాడ చాళుక్యుల పేరు వినిపించదు. చక్రవర్తిని ఎదిరించి నిలిచిన వంశం, చక్రవర్తుల సామ్రాజ్యం కూలినప్పుడు దానితోపాటే కనుమరుగైనది. తరువాతి రెండు శతాబ్దులలో ఈ ప్రాంతంలో జగిత్యాల సమీపాన గల పొలవాస (నేటి పొలాస) ప్రభువులు, నగునూరు ప్రభువులు బలపడినారు. కాకతీయ రుద్రదేవుడు దొమ్మరాజును, మేడరాజును జయించి ఈ నేలను తన రాజ్యంలో కలుపుకొన్న సంగతి 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉన్నది.

నేటి స్థితి

వేములవాడ నేడు రాజరాజేశ్వరస్వామి క్షేత్రంగా సుప్రసిద్ధం. ఇక్కడికి వచ్చే భక్తులలో అధికులు ప్రధానాలయాన్ని, ధర్మగుండాన్ని, భీమేశ్వరాలయాన్ని దర్శించుకొంటారు. ఈ ఊరు ఒకప్పుడు ఒక రాజవంశానికి రాజధాని అని, ఇక్కడి రాజు కొలువులోనే కన్నడ సాహిత్యంలో అగ్రశ్రేణి కావ్యం పుట్టినదని తెలిసినవారు తక్కువ. కన్నడిగులు పంపకవిని ఆదికవిగా ఆరాధిస్తారు. అతని ప్రభువు గద్దె మాత్రం తెలంగాణ నేలపై ఉండినది.

కురిక్యాల బొమ్మలగుట్టపై శాసనం, జైన ప్రతిమలు ఇప్పటికీ బండపైనే ఉన్నవి. కరీంనగర్ ప్రాంతం గ్రానైటు తవ్వకాలకు పేరుపొందినది కనుక ఇటువంటి గుట్టల రక్షణ ప్రత్యేక శ్రద్ధ కోరే విషయం. తామ్రశాసనాన్ని వస్తుప్రదర్శనశాలకు తరలించవచ్చును, తాళపత్ర కావ్యాన్ని అచ్చువేయవచ్చును. గుట్టపై చెక్కిన శాసనానికి మాత్రం ఆ గుట్టయే ఆధారం.